తక్కువ ర్యామ్‌తో లినక్స్ – 3వ పాఠం: జెడ్‌ర్యామ్ పెట్టుకోవడం

మొదటి పాఠంలో తేలికపాటి డెస్క్‌టాప్‌ని ఎంచుకున్నాం, రెండో పాఠంలో దాన్ని పెన్‌డ్రైవ్ నుంచి ఇన్‌స్టాల్ చేశాం. ఇప్పుడు మీ 2 జీబీ కంప్యూటర్‌లో లుబుంటు గానీ, ఎల్ఎక్స్‌క్యూటీ డెస్క్‌టాప్‌తో డెబియన్ గానీ నడుస్తోంది. ఆన్ చేసినప్పుడు హాయిగానే ఉంటుంది. బ్రౌజర్‌లో ఆరేడు ట్యాబ్‌లు తెరిచేసరికి మాత్రం మౌస్ బాణం కూడా కదలకుండా బిగుసుకుపోతుంది. చాలామంది ఇక్కడే ఆశ వదిలేసుకుని కంప్యూటర్‌ని మూలన పెట్టేస్తారు. దాన్ని మళ్లీ పనికి తెచ్చే జెడ్‌ర్యామ్ అనే ఉపాయం ఈ పాఠంలో నేర్చుకుందాం.

కమాండ్లను పలికినట్టే తెలుగులో రాస్తున్నాను. మీరు కొట్టేటప్పుడు ఇంగ్లీష్ చిన్న అక్షరాల్లో కొట్టండి.

ముందు కొలుద్దాం. టెర్మినల్ తెరిచి ‘ఫ్రీ’ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, ‘మైనస్ హెచ్’ కొట్టండి. వచ్చిన పట్టికలో అందరి కళ్లూ ‘ఫ్రీ’ అన్న గడి మీదే పడతాయి. అక్కడ 120 ఎంబీ అని కనిపించగానే ర్యామ్ అయిపోయిందని టెన్షన్ పడతారు. నిజానికి ఆ గడిని పట్టించుకోనక్కర్లేదు. ఖాళీగా ఉన్న ర్యామ్‌ని లినక్స్ వృథాగా ఉంచదు. ఇంతకుముందు చదివిన ఫైళ్లను అందులో దాచుకుంటుంది, ఎవరైనా అడిగితే ఆ చోటు ఖాళీ చేసి ఇస్తుంది. అందుకే మీరు చూడాల్సింది చివరి గడి, ‘అవైలబుల్’. కొత్త ప్రోగ్రామ్ తెరిస్తే ఎంత ర్యామ్ దొరుకుతుందో అంచనా వేసి చెప్పేది అదే. అది 700 ఎంబీ చూపిస్తుంటే మీకు కొరత లేదు. 150 ఎంబీకి దిగిందంటే బిగుసుకుపోయే ఘడియ దగ్గర పడినట్టే.

ఇంతకీ ఎందుకు బిగుసుకుపోతుంది? ర్యామ్ చాలనప్పుడు, ప్రస్తుతానికి వాడని భాగాల్ని కెర్నల్ (అన్నిటినీ నడిపే లినక్స్ గుండెకాయ) డిస్క్ మీద ఇందుకోసమే కేటాయించిన స్వాప్ అనే చోటులోకి పంపేస్తుంది. మళ్లీ అవసరమైనప్పుడు వెనక్కి తెచ్చుకుంటుంది. ర్యామ్‌లో ఒక చిన్న సమాచారం ముక్క చదవడానికి సుమారు 100 నానోసెకన్లు చాలు. పాత హార్డ్ డిస్క్‌లో కావలసిన చోటికి చేరడానికే సుమారు 10 మిల్లీసెకన్లు పడుతుంది. అంటే లక్ష రెట్ల తేడా! చవక ల్యాప్‌టాప్‌ల్లో డిస్క్ బదులు ఉండే ఈఎంఎంసీ అనే చిప్ అంత నిదానం కాదు గానీ, పదే పదే రాస్తుంటే అది అరిగిపోతుంది. పైగా బోర్డుకే అతికించి ఉంటుంది కాబట్టి మార్చుకోవడం దాదాపు కుదరదు.

‘అయితే స్వాప్ తీసేస్తే పోతుంది కదా’ అని చాలామంది సలహా ఇస్తారు. ఆ పని చేయకండి. స్వాప్ లేకపోయినా ర్యామ్ కొరత తీరదు. కెర్నల్‌కి చోటు కావాలంటే అప్పుడు ఉన్న దారి దాచుకున్న ఫైళ్లను వదిలేయడమే. నడుస్తున్న ప్రోగ్రామ్‌ల కోడ్ కూడా అందులోనే ఉంటుంది. వదిలేసిన మరుక్షణమే అది కావాలి, మళ్లీ డిస్క్ నుంచి చదవాలి, ఇంకోటి వదిలేయాలి. ఈ తిప్పలాటలో కంప్యూటర్ నిమిషాల తరబడి కదలదు. చివరికి ఓఓఎం కిల్లర్ (ర్యామ్ పూర్తిగా అయిపోతే ప్రోగ్రామ్‌లను ఆపేసే కెర్నల్ భాగం) వచ్చి ఏదో ఒక ప్రోగ్రామ్‌ని, ఎక్కువసార్లు మీ బ్రౌజర్‌నే, చంపేస్తుంది.

జెడ్‌ర్యామ్ చేసేది వేరు. ర్యామ్‌లోనే ఒక స్వాప్‌ని సృష్టించి, అందులోకి పంపిన ప్రతిదాన్నీ కుదించి పెడుతుంది. బట్టల్ని అటక మీదికి ఎక్కించకుండా, మడతపెట్టి అదే బీరువాలో సర్దుకోవడం అన్నమాట. ఇది 2014లో 3.14 కెర్నల్‌తో లినక్స్‌లో అధికారికంగా చేరింది. 2020లో వచ్చిన ఫెడోరా 33లో డిస్క్ స్వాప్ బదులు దీన్నే ముందుగా అమర్చి ఇచ్చారు.

కాస్త దగ్గరగా చూడండి. మన కంప్యూటర్లలో కెర్నల్ ర్యామ్‌ని 4096 బైట్ల ముక్కలుగా, అంటే పేజీలుగా, చూస్తుంది. ఒక పేజీ నిండా సున్నాలే ఉంటే జెడ్‌ర్యామ్ దానికి చోటే కేటాయించదు, ఇందులో సున్నాలున్నాయని గుర్తు రాసుకుంటుంది, అంతే. అక్షరాలూ పట్టికలూ ఉన్న పేజీ బాగా తగ్గుతుంది. ముందే కుదించి ఉన్న ఫొటో ముక్క అసలు తగ్గదు. మొత్తం మీద మామూలు వాడకంలో సగానికో, మూడో వంతుకో తగ్గుతుంది. 1 జీబీ సమాచారం మూడో వంతుకి తగ్గితే సుమారు 340 ఎంబీలో పడుతుంది. అంటే 680 ఎంబీ దాకా మీకు కలిసొచ్చినట్టే. 2 జీబీ కంప్యూటర్‌కి అది చిన్న విషయం కాదు.

డెబియన్‌లోనూ, లుబుంటులోనూ ప్యాకేజీ పేరు జెడ్‌ర్యామ్-టూల్స్. ఇన్‌స్టాల్ చేశాక ‘ఈటీసీ’ ఫోల్డర్‌లోని ‘డీఫాల్ట్’ లోపల ‘జెడ్‌ర్యామ్‌స్వాప్’ అన్న ఫైలుని అడ్మిన్ హక్కులతో తెరవండి. కుదించే పద్ధతిని చెప్పే ‘ఆల్గో’ వరుస ముందున్న హ్యాష్ గుర్తు తీసేసి, సమానం తర్వాత ‘జెడ్‌ఎస్‌టీడీ’ అని మార్చండి. ఎల్‌జెడ్4 అనే ఇంకో పద్ధతి దీనికన్నా వేగం, కానీ తక్కువ కుదిస్తుంది. మన బాధ ర్యామ్ గురించి కాబట్టి నా ఓటు జెడ్‌ఎస్‌టీడీకే. ప్రాసెసర్ మరీ పాతదైతే ఎల్‌జెడ్4 ఉంచండి. జెడ్‌ర్యామ్ పరిమాణం మొత్తం ర్యామ్‌లో ఎంత శాతమో చెప్పే ‘పర్సెంట్’ వరుసకీ హ్యాష్ తీసి 50 ఉంచి, సేవ్ చేసి, రీస్టార్ట్ చేయండి.

డిస్క్ మీద పాత స్వాప్ ఉంటే ఉండనివ్వండి. జెడ్‌ర్యామ్‌కి ప్రాధాన్యం ఎక్కువ కాబట్టి ముందు అదే నిండుతుంది. ‘స్వాప్‌ఆన్ మైనస్ మైనస్ షో’ కమాండ్‌తో ఆ వరుసని చూసుకోవచ్చు.

ఇంకొక్క అమరిక ఉంది. స్వాపినెస్ అనే అంకె మామూలుగా 60 ఉంటుంది. డిస్క్ నిదానం కాబట్టి స్వాప్ జోలికి తక్కువగా వెళ్లమని దాని అర్థం. జెడ్‌ర్యామ్ ఉన్నప్పుడు ఆ జాగ్రత్త అక్కర్లేదు. 2020లో వచ్చిన 5.8 కెర్నల్ నుంచి ఈ అంకెని 200 దాకా పెంచుకోవచ్చు. 150తో మొదలుపెట్టండి. ‘ఈటీసీ’లోని ‘సిస్‌సీటీఎల్ డాట్ డీ’ ఫోల్డర్‌లో ‘డాట్ కాన్ఫ్’తో ముగిసే పేరుతో ఒక ఫైలు సృష్టించి, అందులో ‘వీఎం డాట్ స్వాపినెస్’ సమానం 150 అని ఒక్క వరుస రాస్తే చాలు.

ఇక అభ్యాసం. ఎప్పటిలాగే రోజూ వాడే ట్యాబ్‌లన్నీ తెరిచి, ఓ అరగంట పని చేసుకున్నాక ‘జెడ్‌ర్యామ్‌సీటీఎల్’ కమాండ్ కొట్టండి. ‘డేటా’ గడిలోని అంకెని ‘టోటల్’ గడిలోని అంకెతో భాగించండి. 3 దగ్గర వస్తే ‘పర్సెంట్’ని ధైర్యంగా 100 చేసుకోవచ్చు. 2 లోపే ఉంటే 50 దగ్గరే ఆగండి. తర్వాత ‘వీఎంస్టాట్ 1’ నడిపి ఒక నిమిషం గమనించండి. ‘ఎస్ఐ’, ‘ఎస్ఓ’ గడుల్లో అంకెలు కదులుతుంటే కంగారు పడకండి, జెడ్‌ర్యామ్‌లోకి వెళ్లొచ్చేవి కూడా అక్కడే లెక్కకొస్తాయి. చూడాల్సింది ‘డబ్ల్యూఏ’ గడి. అది సున్నా దగ్గరే ఉంటే ప్రాసెసర్ డిస్క్ కోసం ఎదురుచూడటం లేదని అర్థం.

ఈ రెండు ఫలితాలూ ఒక కాగితం మీద రాసి ఉంచుకోండి. నాలుగో పాఠంలో బ్రౌజర్ పని పడదాం, అప్పుడు ముందూ వెనకా పోల్చుకోవడానికి ఇవే కావాలి.