పెరటి కోళ్ల వైద్యం – 3వ పాఠం: రెట్ట చూసి రోగం పట్టడం

కోడి జబ్బును చివరిదాకా దాచుకుంటుంది. రెట్ట దాచలేదు. అందుకే రాత్రి గూట్లో పాత పేపరు పరచండి, పొద్దున్నే చూడండి.

గట్టిగా ఉండి, పైన సున్నం పూసినట్టు తెల్లగా ఉంటే బాగున్నట్టే. ఎనిమిది పదింటికి ఒకటి ముదురు గోధుమ రంగులో, జిగటగా, కంపుకొడుతూ పడుతుంది. అది గుడ్డిపేగుల రెట్ట, జబ్బు కాదు. దాన్ని పారుడనుకుని మందు పోసేవాళ్లే ఎక్కువ.

మూడు నుంచి ఆరు వారాల పిల్లల్లో రెట్టతో నెత్తురు పడుతూ, రెక్కలు జారేసి మూల ముడుచుకుంటే రక్తపారుడు (కాక్సీడియోసిస్) అని అనుమానించాలి. విశాఖలో వానాకాలం మొదలు అక్టోబరు, నవంబరు తుపాన్ల దాకా గూట్లో ఊక ఆరదు. ఆ తడిలో, వెచ్చదనంలో పరాన్నజీవి గుడ్లు రెండ్రోజుల్లోనే అంటుకునే దశకొస్తాయి. ఊక గుప్పెట్లో పిండండి. ముద్దగా నిలిస్తే తీసి పారేయాల్సిందే, ముఖ్యంగా నీళ్ల పళ్లెం చుట్టూ. ఫినాయిల్, బ్లీచింగ్ ఈ గుడ్లను చంపలేవు. ఆరబెట్టడం, ఎండ, పళ్లేలకు మరిగే నీళ్లు, ఇవే పనిచేస్తాయి.

మందు యాంప్రోలియం 20 శాతం పొడి, లీటరు నీటికి 1.2 గ్రాములు, 5 రోజులు. చిన్న తూకం లేకపోతే 30 గ్రాముల పొడిని కాగితం మీద పది సమాన కుప్పలు చేయండి. ఒక్కో కుప్ప రెండున్నర లీటర్లకు. నెల వయసు పిల్లలు ఇరవై ఉంటే రోజుకు దాదాపు అంతే తాగుతాయి. ఏ రోజు నీళ్లు ఆ రోజే కలపాలి. వేరే నీళ్లు, పెరట్లో గుంటలు కూడా, అందకూడదు. మందు పనిచేయలేదనే ఫిర్యాదుకు సగం కారణం ఆ గుంటలే. నీరసించినవి అసలు తాగవు, వాటికి అదే నీళ్లు డ్రాపరుతో ముక్కు అంచున చుక్కచుక్కగా గంటగంటకూ వేయండి. బలానికని ఆ 5 రోజులూ బి విటమిన్ ఇవ్వకండి. పరాన్నజీవికి బి1 అందకుండా చేయడమే ఈ మందు పని, మీరు దానికి మేత పెట్టినట్టవుతుంది.

ఆకుపచ్చ రెట్ట సంగతి వేరు. మేత మానేసిన ఏ కోడైనా పైత్యం వల్ల పచ్చగా వేస్తుంది. దానికి తోడు నోరు తెరిచి ఊపిరి తీయడం, మెడ మెలితిరగడం, పెద్ద కోళ్లూ పోవడం ఉంటేనే కొక్కెర తెగులు. దానికి మందు లేదు. రాకుండా టీకాలే వేయించాలి: వారం వయసులో లసోటా టీకా చుక్క కంట్లో, 8 వారాలకు ఆర్‌టూబీ టీకా అర మిల్లీలీటరు రెక్క దగ్గర చర్మం కిందికి, ఇదొక్కటే దారి. పెద్ద కోళ్లు ఉన్నట్టుండి వరుసగా చస్తుంటే కోసి చూడకండి, బర్డ్‌ఫ్లూ కావచ్చు. పశువుల ఆస్పత్రికి కబురు చేయండి.

నెమలి పిల్లకు ఇవే మోతాదులా అని కొందరు అడుగుతున్నారు. నెమలి 1972 వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో ఉంది, ఇంట్లో పెంచకూడదు. గాయపడింది దొరికితే అటవీశాఖకు అప్పగించండి. టర్కీలున్నవాళ్లు మాత్రం వాటిని కోళ్ల నేల మీద తిప్పకండి. కోళ్ల గుడ్డిపేగు నులిపురుగు గుడ్లతో టర్కీలకు బ్లాక్‌హెడ్ అనే ప్రాణాంతక జబ్బు సోకుతుంది. వచ్చే పాఠం నులిపురుగుల మీదే.