బొడ్రాయి నుంచి మొదలుపెట్టి లోకాలు కట్టడం

ఫాంటసీ రోల్‌ప్లేయింగ్ గేమ్ (టేబుల్ చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్ర పట్టుకుని ఊహాలోకంలో కథ నడిపే ఆట) నడపడానికి కూర్చున్న గేమ్ మాస్టర్లు, అంటే ఆ కథను నడిపించేవాళ్లు, చాలామంది తమ లోకాన్ని పైనుంచి కిందికి రాస్తారు. ఆదిలో ఏముంది, మొదటి దేవుడెవరు, లోకాలెన్ని, ఏ లోకానికి రాజెవరు అంటూ పేజీలకు పేజీలు నింపుతారు. మొదటి సెషన్‌లో (ఒకసారి కూర్చుని ఆడే విడతలో) ప్లేయర్లు అడిగేవి వేరే ఉంటాయి. "రాత్రి పొలిమేర దాటితే ఏమైతది? చచ్చిపోయిన మావోడిని మళ్ల లేపొచ్చా? ఈ మంత్రశక్తి ఎక్కడి నుంచి వస్తుంది?" ఈ మూడింటికి జవాబు చెప్పలేని విశ్వం ఎంత పెద్దదైనా ఆటలో అక్కరకు రాదు. అందుకే ఇక్కడి పద్ధతి ఊరి నడుమ నుంచి బయటికి, నేల మీది నుంచి పైకి పోతుంది. సృష్టి కథ అన్నిటికంటే చివర వస్తుంది.

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో పెరిగినవాళ్లకు దీనికి కావాల్సిన సరుకంతా చుట్టుపక్కలే ఉంది. యూరప్ కోటల్ని, డ్రాగన్లని అరువు తెచ్చుకోవాల్సిన పని లేదు.

ఊరు, హద్దు

ఒక ఏ4 కాగితం తీసుకుని నడుమ చుక్క పెట్టండి. అది బొడ్రాయి, ఊరి నడుమ ప్రతిష్ఠించే రాయి. మన ఊళ్లలో బొడ్రాయిని ఊరికి నాభి అంటారు. ప్రతిష్ఠ రోజున పొలిమేర చుట్టూ పొలి (బలి అన్నం) చల్లుతారు, ఆ తంతు ముగిసేదాకా బయటివాళ్లను రానివ్వరు. ఆటకు కావాల్సిన మూడూ ఇందులోనే దొరుకుతాయి: ఒక నడుమ, ఒక హద్దు, ఆ హద్దును నిలబెట్టే ఒక తంతు.

మీ లోకంలో ఈ హద్దు దేన్ని ఆపుతుందో ఒక్కటే ఎంచుకోండి. "చెడు శక్తుల్ని ఆపుతుంది" అని రాస్తే ఆటలో తేలదు. ప్రతిసారీ ఇది చెడుదా కాదా అని టేబుల్ దగ్గర వాదన మొదలవుతుంది. "చచ్చినవాళ్లు పిలవకుండా లోపలికి రాలేరు" అని రాస్తే అందరికీ అర్థమవుతుంది, పైగా పిలిచేవాళ్లు ఎవరన్న ప్రశ్న కూడా పుడుతుంది. హద్దు ఎంత దూరమో కొలత ఇవ్వండి. డప్పు వినిపించినంత దూరం అనుకుందాం. ఒక్క డప్పుకు అర కిలోమీటరు. నాలుగు డప్పులను వరసగా నిలబెడితే రెండు కిలోమీటర్లు. ఇట్లా రాసిపెడితే ప్లేయర్లు డప్పు కళాకారులను వెంటబెట్టుకుని హద్దును అడవిలోకి తీసుకుపోవాలని ప్లాన్ వేస్తారు. అట్లా వేయాలి కూడా. ప్లేయర్లు చేయి పెట్టి కదిలించగలిగే నియమమే మంచి నియమం.

ఎన్ని లోకాలు?

మన పురాణాల్లో పైన ఏడు, కింద ఏడు కలిపి 14 లోకాలు. భూమ్మీద ఏడు ద్వీపాలు, వాటి చుట్టూ ఉప్పునీళ్లు, చెరకురసం, కల్లు, నెయ్యి, పెరుగు, పాలు, మంచినీళ్ల సముద్రాలు. వినడానికి ఇంతకంటే వైభవమైన పటం దొరకదు. అయితే 30 సెషన్ల క్యాంపెయిన్‌లో (ఒకే కథగా సాగే ఆటలో) ఒక్కో లోకానికి పోయి రావడానికి మూడు నాలుగు సెషన్లు పడుతుంది. ఊరి గొడవలకు, దారి ప్రయాణాలకు పోను మీ ప్లేయర్లు నడిచి చూసేవి నాలుగైదు లోకాలే. కాబట్టి ఐదు పూర్తిగా రాయండి, మిగిలినవాటికి పేరు మాత్రం పెట్టి వదిలేయండి. అన్నీ రాసుకుంటే ఏమవుతుందంటే, రాసినదంతా చూపించాలన్న ఆరాటంతో గేమ్ మాస్టర్ ప్లేయర్లను మెడపట్టి లోకం నుంచి లోకానికి తిప్పుతాడు.

రాసే ప్రతి లోకానికి మూడు తప్పనిసరి: దారి ఎక్కడ, ఏ వేళకు తెరుచుకుంటుంది, పోవడానికి ఏమి ఖర్చవుతుంది. ఈ మూడు లేని లోకం పటంలో బొమ్మగానే ఉండిపోతుంది.

లోకాలను ఒకదానికొకటి కలపడానికి గొలుసుకట్టు చెరువుల కంటే మంచి నమూనా మాకు కనిపించలేదు. పైచెరువు నిండి అలుగు దుంకితే ఆ నీళ్లు కిందిచెరువుకు పోతాయి. తూము ఎత్తితే ఆయకట్టుకు పారుతుంది. పైకట్ట తెగితే కిందివి ఒకదాని వెంట ఒకటి తెగే ప్రమాదం ఉంటుంది. ఇప్పుడు నీళ్ల బదులు జీవం అనుకోండి. మంత్రం వేయడమంటే తూము ఎత్తడం. మంత్రశక్తికి మూలం, లెక్క, కరువు, వరద అన్నీ ఒక్క దెబ్బకు తేలిపోతాయి.

లెక్క ఇట్లా పెట్టండి. ఐదు లోకాలకు ఐదు గీతలు గీసి, ఒక్కోదానికి 0 నుంచి 20 దాకా మట్టం గుర్తులు పెట్టండి. పైలోకం 16తో, మిగతావి 12తో మొదలవుతాయి. ఏ లోకంలో పెద్ద మంత్రం వేస్తే ఆ లోకపు మట్టం ఒకటి తగ్గుతుంది. ప్రతి జంటపున్నమికి (దాని సంగతి కింద ఉంది) పైలోకానికి రెండు ఆరుముఖాల డైస్ వేసి వచ్చినంత కలపండి. 20 దాటిన మిగులంతా కిందిలోకానికి. మట్టం 5 కంటే కిందికి పడితే ఆ లోకంలో మంత్రాలకు రెట్టింపు ఖర్చు. సున్నాకు వస్తే శిఖం (చెరువు అడుగు నేల) బయటపడుతుంది, అంటే ఆ లోకం అడుగున ఇన్నాళ్లూ మునిగి ఉన్నదేదో పైకి వస్తుంది. అదేమిటో ముందే రాసి మడిచి పెట్టుకోండి.

ఇక్కడ చెడిపోయేది ఎక్కడంటే, ప్రతి చిన్న మంత్రానికీ మట్టం తగ్గించబోవడం. మూడో సెషన్‌కే లెక్క తప్పుతుంది, ఐదో సెషన్‌కు వదిలేస్తారు. మంత్రాలకు తొమ్మిది లెవెల్స్ ఉన్న ఆటలైతే ఐదో లెవెల్, ఆ పైవాటిని మాత్రమే లెక్కించండి. ఇంకో తప్పు, మట్టాన్ని ప్లేయర్లకు అంకెల్లో చెప్పడం. నీరటికాడికి (చెరువు నీళ్లు చూసుకునేవాడికి) కట్ట మీద రాయి చూస్తే మట్టం తెలిసినట్టు, వాళ్లకు గుర్తుల్లో తెలియాలి. మట్టం 8కి వస్తే కుక్కలు నిద్రలో మొరగవు. 5కు వస్తే పసిపిల్లలు కలలో నవ్వరు.

ఒక లోకాన్ని పూర్తిగా రాసి చూద్దాం. కృష్ణ మీద సాగర్ ఆనకట్టకు 1955లో శంకుస్థాపన జరిగింది. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉన్న లోయ ఆ నీళ్ల కింద పోయింది. తవ్వి తీసిన కట్టడాలు కొన్నింటిని కొండమీద మళ్లీ నిలబెట్టారు. ఆ కొండ ఇప్పుడు ద్వీపం, నాగార్జునకొండ. శ్రీశైలం జలాశయం వచ్చినప్పుడు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాళ్లు విప్పి అలంపురంలో తిరిగి కట్టారు. ఆ జలాశయంలోనే నంద్యాల జిల్లా వైపున్న సంగమేశ్వరం గుడి ఏటా మునుగుతుంది, ఎండాకాలం నీళ్లు తగ్గితే బయటపడుతుంది, కొన్నాళ్లు పూజలందుకుని మళ్లీ మునుగుతుంది. ఏడాదిలో కొన్నాళ్లే తెరుచుకునే వాకిలి మన నదిలో నిజంగానే ఉంది.

దాన్నిబట్టి: లోకం పేరు మునక. గొలుసులో నాలుగో చెరువు. ఇక్కడి జనం ఊరు మునిగినా వదిలిపోనివాళ్లు. దారి, నది నడుమ గుడి గర్భాలయంలో వెనక గోడ. వేళ, గుడి శిఖరం కనిపించిన రోజు నుంచి గడప మళ్లీ తడిసేదాకా, సుమారు 40 రోజులు. ఖర్చు, పోయే ప్రతి మనిషీ తన ఇంటిపేరును గడప దగ్గర వదలాలి. తిరిగొచ్చేదాకా ఎవరూ ఆ పేరుతో పిలవలేరు, క్యారెక్టర్ షీట్‌లో (పాత్ర వివరాల కాగితంలో) కొట్టేయాలి. లోపల నియమం ఒక్కటే: మాట నీటిబుడగలా పైకి పోతుంది, కాబట్టి కింద గుసగుసలాడిన రహస్యం పైనున్న పడవలో వినిపిస్తుంది. గడువు దాటి లోపల చిక్కితే వచ్చే ఏడు దాకా అక్కడే. తొమ్మిది వాక్యాల్లో లోకం తయారైంది, మూడు నాలుగు సెషన్లకు సరిపోతుంది.

ఆకాశం, పంచాంగం

ఇది అందరూ తొందరగా దాటేసే భాగం, నిజానికి ఎక్కువ ఫలితమిచ్చేది ఇదే. నారాయణపేట జిల్లా ముడుమాల్‌లో కృష్ణ ఒడ్డున వేల ఏళ్ల కిందటి నిలువురాళ్లున్నాయి. వాటి వరసలు సూర్యుడి ఉదయాస్తమయాల దిక్కులతో కుదురుతాయని, ఒక బండ మీది గుంటలు సప్తర్షి మండలాన్ని చూపిస్తాయని పరిశోధకులు అంటారు. ఆ స్థలం 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కింది. ఆకాశాన్ని లెక్కగట్టే రాయి మీ లోకంలోనూ ఒకటి నిలబెట్టండి. దానికి లెక్క కావాలి.

మన అసలు ఆకాశంలో లెక్క సమంగా కుదరదు. చాంద్రమాసం సుమారు 29.53 రోజులు, పన్నెండు మాసాలకు 354 చిల్లర. సూర్యుడి ఏడాదికి దాదాపు 11 రోజులు తక్కువ. అందుకే రెండేళ్ల ఎనిమిది నెలలకు అటూఇటూగా అధికమాసం కలుపుతారు. ఆటలో ఇంత తంటా వద్దు. ఏడాదికి 336 రోజులు, ఆకాశంలో రెండు చందమామలు పెట్టండి. చిన్న చందమామకు 28 రోజుల చుట్టు, పెద్ద చందమామకు 42. రెండింటికీ ఒకే రోజున పున్నమి అయిందనుకుంటే 84వ రోజున మళ్లీ జంటపున్నమి వస్తుంది, ఏడాదికి నాలుగు. అవి మీ లోకంలో నాలుగు జాతర్లు. నడుమ 42వ రోజున పెద్దదానికి పున్నమి, చిన్నదానికి అమావాస్య. అది పెద్దలకు పెట్టే రోజు అనుకోవచ్చు.

ఇంకొకటి చూడండి. చిన్నదానికి అమావాస్యలు 14, 42, 70వ రోజుల్లో, పెద్దదానికి 21, 63వ రోజుల్లో. ఆ తర్వాత 84 దాటి మళ్లీ ఇదే వరస. ఒకవైపు అన్నీ సరి, మరోవైపు అన్నీ బేసి. అవి ఎన్నటికీ కలవవు, ఏడు రోజుల కంటే దగ్గరికి రావు. అంటే రెండు చందమామలూ ఒకే రోజు మాయమైన సందర్భం ఆ లోకం చరిత్రలోనే లేదు. ఇరవయ్యో సెషన్‌లో ఒక రాత్రి రెండూ కనిపించకుండా పోతే ఏదో తెగిందని మీరు ఒక్క మాట చెప్పనక్కర్లేదు. పంచాంగం రాసుకున్న ప్లేయర్ లేచి నిలబడతాడు.

చుట్టుకు 29, 31 వంటి అంకెలు పెడితే జంటపున్నమి 899 రోజులకోసారి వస్తుంది. క్యాంపెయిన్ అయిపోయినా రాదు. 84 పెట్టినా జాగ్రత్త: సెషన్‌కు సగటున మూడు రోజుల ఆటకాలం గడిస్తే జంటపున్నమికి 28 సెషన్లు పడుతుంది. కాబట్టి ఆటను 70వ రోజున మొదలుపెట్టండి. ఐదో సెషన్‌కు జాతర చేతికందుతుంది. తర్వాతి వాటి కోసం ప్రయాణాలను, గాయాలు మానే విరామాలను వారాల్లో లెక్కపెట్టండి.

నెలలకు పేర్లు పెట్టి ఆగితే ప్లేయర్లకు గుర్తుండవు. "రోహిణి కార్తెలో రోళ్లు పగులుతయి" అన్నది గుర్తున్నట్టు, ప్రతి నెలకూ ఒక సామెత కట్టండి. "జంటపున్నమి నాడు అప్పియ్యకు, సాక్షికి రెండు నీడలు." ఆకాశంలో రెండు వెలుగులున్నాయని, ఆ రాత్రి ఒప్పందాలు చెల్లవని ఈ ఒక్క మాటలో తెలుస్తుంది.

వింతకు కారణం

నల్లగొండ పక్కన పానగల్లులో కందూరు చోడుల కాలపు ఛాయా సోమేశ్వరాలయం ఉంది. గర్భగుడిలో లింగం వెనక పగలంతా ఒక స్తంభం నీడ నిలిచే ఉంటుంది. సూర్యుడు కదిలినా అది కదలదు. ఒక్క స్తంభానిది కాదు ఆ నీడ. వెలుగు లోపలికి వచ్చే దారులను బట్టి స్తంభాల నీడలు కలిసి అక్కడ పడతాయి. వింత తగ్గలేదు, కారణమూ ఉంది. మీరు పెట్టే ప్రతి వింతకూ ఇట్లాంటి కారణం ఒకటి రాసిపెట్టుకోండి, అది ప్లేయర్లు పరీక్షించి కనిపెట్టగలిగేదై ఉండాలి. ఒక దారి మూస్తే నీడ మారాలి. కారణం లేకుండా "అది దైవమాయ" అంటే మొదటిసారి ఆశ్చర్యపోతారు, రెండోసారి ఇక అడగడం మానేస్తారు.

చావు, దేవతలు

చనిపోయినవాళ్లను బతికించే మంత్రం ఉన్న ఆటల్లో ఈ నియమం మొదటి సెషన్‌కు ముందే తేలాలి. మన దినాల లెక్క దీనికి చక్కగా సరిపోతుంది. మూడు రోజుల దాకా ప్రాణం ఇంటి చూరు కిందే ఉంటుంది, మామూలు మంత్రంతో లేపొచ్చు. మూడు నుంచి పదకొండు దాకా పొలిమేర దగ్గర తిరుగుతుంది, లేపాలంటే బతికున్న మరొకరు తమ ఆయుష్షులో ఏడాది ఇవ్వాలి. పదకొండో రోజు పిట్ట ముద్ద ముట్టిందంటే ఆ ప్రాణం గొలుసులో కిందిచెరువుకు చేరినట్టే. ఇక నడిచిపోయి తెచ్చుకోవాల్సిందే. పిట్ట ముట్టకపోతే? అది ఒక పూర్తి సాహసం.

దేవతలు ఐదు నుంచి ఏడుగురు చాలు. వాళ్ల బలం ఎంత అన్నదానికంటే హద్దు ఎక్కడ అన్నది ముందు రాయండి. మనకు కట్టమైసమ్మ చెరువుకట్ట మీద ఉంటుంది, పోచమ్మ ఊరిని కాస్తుంది. ఎవరి చోటు వాళ్లది. హద్దు లేని దేవుణ్ణి పెడితే ప్లేయర్లు న్యాయంగానే అడుగుతారు: ఇంత బలముంటే రాక్షసుణ్ణి ఆయనే చంపొచ్చు కదా? కట్ట దాటి అడుగుపెట్టలేని దేవతకు మనుషుల సాయం కావాలి.

ఒక మాట గట్టిగా చెప్పాలి. మైసమ్మ, ఎల్లమ్మ, మల్లన్న పేర్లతో స్టాట్ బ్లాకులు (పోరాటానికి వాడే బలాబలాల అంకెల పట్టికలు) రాయొద్దు, వాళ్లతో యుద్ధాలు పెట్టొద్దు. టేబుల్ దగ్గర కూర్చున్నవాళ్లలో ఆ దేవతకు బోనం ఎత్తే ఇల్లు ఉండొచ్చు. పద్ధతిని నేర్చుకోండి, పేర్లు మీరే పుట్టించండి.

చివర్లో సృష్టి కథ

ఇప్పుడు సృష్టి కథ రాయొచ్చు. ఒకటి కాకుండా రెండు రాయండి, ఒక్కోటి అర పేజీ, ఒకదానితో ఒకటి పొసగకుండా. పైలోకం వాళ్లు చెరువులు తవ్వింది తామేనంటారు. మునక జనం నీళ్లే ముందున్నాయి, కట్టలు తర్వాత వచ్చాయంటారు. ఏది నిజమో మీరు తేల్చుకోకపోయినా పర్వాలేదు. ప్లేయర్లు ఏ కథను పట్టుకుని పోతే అటువైపు సాక్ష్యాలు దొరకనివ్వండి.

మొదటి రోజు ప్లేయర్ల చేతికి ఇచ్చేది ఒక్క పేజీ: ఊరి పటం, హద్దు నియమం, జంటపున్నముల తేదీలు, నాలుగు సామెతలు, చావు నియమం. మట్టాల కాగితం, శిఖంలో ఉన్నదేమిటో రాసిన చీటీ మీ దగ్గరే ఉండాలి. సెషన్ అయ్యాక విశ్వం గురించి ఆ రోజు మీ నోటి నుంచి వచ్చిన మాటలన్నీ రాసిపెట్టండి. అవి మీ పాత నోట్స్‌తో పొసగకపోతే నోట్స్‌నే దిద్దుకోండి. ప్లేయర్లు విన్నది అప్పటికే జరిగిపోయింది.