జన్యు రిపోర్టు చదవడం - 4వ పాఠం: ముందు శాంపిల్ చూడండి

ముదిరిన ప్రోస్టేట్ క్యాన్సర్‌లో మందు పనిచేయడం ఎందుకు మానేస్తుందో ఇవాళ మొదలుపెట్టాలి. కానీ పోయిన పాఠం జవాబులు చూశాక కాసేపు ఆగక తప్పడం లేదు. 'ఏఆర్‌లో మార్పు' అని కనబడగానే చాలామంది "కొడుకులకు కూడా టెస్టు చేయించాలి" అని రాశారు. గాజువాక ఆయనొకరు రాయడంతో ఆగలేదు, బెంగళూరులో ఉన్న కొడుక్కి ఫోన్ కూడా చేసేశారట!

ఏఆర్ అంటే ఆండ్రోజన్ రిసెప్టర్, టెస్టోస్టెరాన్ లాంటి మగ హార్మోన్లు తాళంచెవిలా దూరి క్యాన్సర్ కణాన్ని పెంచే తాళం. ఆ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. తండ్రి కొడుక్కి ఇచ్చేది వై. ఇక కొడుక్కి ఎలా వస్తుంది మాస్టారూ? కూతురికీ భయం లేదు. ఈ మార్పు పుట్టుకతో వచ్చింది కాదు. మందు దెబ్బకు చావని కణాలు మిగిలి పెరగడం వల్ల గడ్డలో పైకి తేలింది.

బీఆర్‌సీఏ2 (దెబ్బతిన్న డీఎన్ఏను బాగుచేసే జన్యువు) సంగతి వేరు. దానిలో లోపం పుట్టుకతో ఉంటే కొడుకైనా కూతురైనా ఒక్కొక్కరికీ 50 శాతం అవకాశం. అందుకే జన్యువు పేరుకన్నా ముందు శాంపిల్ చూడాలి: గడ్డ ముక్కా, రక్తంలో తేలే క్యాన్సర్ డీఎన్ఏనా, లాలాజలమా? మొదటి రెండింట్లో గడ్డలో వచ్చిన మార్పులు కూడా కనబడతాయి, లాలాజలంలో కనబడేవి పుట్టుకతో వచ్చినవి. నేనైతే ఎర్ర పెన్నుతో మొదట శాంపిల్ పేరే చుడతాను.

ఇక పాఠం. టెస్టోస్టెరాన్ బాగా దించేశాక కూడా పీఎస్ఏ (ప్రోస్టేట్ నుంచి రక్తంలోకి వచ్చే ప్రోటీన్) పెరుగుతోందంటే ఏఆర్ ఏదో దారి వెతుక్కుందని అనుమానించాలి. ఒకటి, జన్యువు కాపీలు పెంచుకోవడం. చేపలు తగ్గితే హార్బర్‌లో వలలు పెంచినట్టు. రెండు, ఎల్702హెచ్ అనే ఏఆర్ మార్పు. మగ హార్మోన్ల తయారీని ఆపే అబిరటెరోన్‌తో కలిపి ఇచ్చే స్టెరాయిడ్ ప్రెడ్నిసోలోనే దీనికి దొంగ తాళంచెవి. అలాగని ఆ మాత్ర సొంతంగా ఆపేయకండి, ప్రమాదం. మూడు, ఏఆర్-వీ7 అనే కురచ ఏఆర్. తాళంచెవి దూరే భాగమే ఉండదు, తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ఏఆర్‌ను అడ్డుకునే మందు ఎంజలుటమైడ్ పట్టుకోవాల్సింది కూడా ఆ భాగాన్నే. ఇది జన్యువు నకలైన ఆర్ఎన్ఏ కత్తిరింపులో తేడా కాబట్టి మామూలు డీఎన్ఏ రిపోర్టులో వెతికి టెన్షన్ పడకండి.

ఆర్‌బీ1, టీపీ53 అనే, క్యాన్సర్‌కు కళ్లెం వేసే జన్యువులు రెండూ పోతే పీఎస్ఏ పెరగకుండానే జబ్బు ముదరొచ్చు. అది వచ్చే వారం.

అభ్యాసం: విజయనగరం పెద్దాయన ఒకరిని ఊహించుకోండి. అబిరటెరోన్, ప్రెడ్నిసోలోన్ వాడుతున్నారు. పీఎస్ఏ 4 నుంచి 19కి చేరింది. రక్తంలోని క్యాన్సర్ డీఎన్ఏలో మూడు కనబడ్డాయి: ఏఆర్ కాపీలు ఎక్కువ, ఎల్702హెచ్, బీఆర్‌సీఏ2 లోపం. మందును ఏది ఎలా ఓడిస్తోంది? పిల్లలకు సంబంధించినది ఏదైనా ఉండొచ్చా? అది తేల్చడానికి ఇంకే శాంపిల్ కావాలి? పైన రాసింది చూడకుండా రాయండి. గాజువాక ఆయన మాత్రం ఫోన్ పక్కన పెట్టి రాయాలి.