ఇత్తడి చెంబుకి పసుపు పూయకండి: ఇంట్లోని పాత వస్తువులతో ఆయిల్ స్టిల్ లైఫ్ ఎలా వేయాలి?

అమ్మమ్మ చెంబు, ఊరగాయ జాడీ, తాతగారి విసనకర్ర ముందు పెట్టుకుని, వాటిని చూస్తూ వేసే బొమ్మ, అంటే స్టిల్ లైఫ్, మొదలుపెడతారు. పూర్తయ్యాక జాడీ జాడీలాగే ఉంటుంది, విసనకర్రా ఫర్వాలేదు, చెంబు మాత్రం పసుపు ముద్దలా తేలుతుంది. లోపం చేతిలో లేదు. ఇత్తడి అనగానే పసుపు ట్యూబు మూత తీయడంలో ఉంది.

ముందు వస్తువులు. మూడు చాలు. ఇష్టమైనవన్నీ పేరిస్తే తీర్థంలో సామాన్ల కొట్టులా ఉంటుంది. బాగా మెరిసేది ఒకటి, కాస్త మెరిసేది ఒకటి, అసలు మెరవనిది ఒకటి: ఇత్తడి, పింగాణీ, తాటాకు. తాటాకు పక్కనుంటేనే ఇత్తడి మెరుపు తెలుస్తుంది.

బొమ్మ వేస్తున్నాం కదా అని చెంబుని చింతపండు పెట్టి తోమేయకండి. ఇత్తడి సామాన్లకి పేరున్న అజ్జరంలో అప్పుడే కొన్నట్టు తళతళలాడే చెంబు అద్దంతో సమానం. కిటికీ, గది, మీరు, అన్నీ అందులో కనబడతాయి. అటక మీద ఆరు నెలలు పడి ఉండి, మెడ దగ్గర నల్లబడ్డ చెంబే వేయడానికి సులువు. దాని మీద పేరు కొట్టించి ఉంటే ఆ పేరుని మీ ఎదురుగా పెట్టకండి. వెలుగు నీడలోకి తిరిగే చోటికి తిప్పండి, అక్కడ చుక్కల గుంటలు బాగా తేలతాయి.

సామగ్రి: ప్రైమర్ పూసిన 12×16 అంగుళాల కాన్వాస్ బోర్డు, 2, 4, 8 నంబర్ల ఫ్లాట్ బ్రష్‌లు, సన్నటి రౌండ్ బ్రష్ ఒకటి, పాలెట్ నైఫ్, టర్పెంటైన్, అవిసె నూనె. రంగులు టైటానియం వైట్, లెమన్ ఎల్లో, ఎల్లో ఓకర్ (మట్టి పసుపు), బర్న్ట్ సియన్నా (ఎర్ర గోధుమ), రా అంబర్ (ముదురు గోధుమ), అల్ట్రామెరైన్ (ముదురు నీలం), క్రిమ్సన్ (ముదురు ఎరుపు). నలుపు కొనొద్దు, అంబర్‌లో అల్ట్రామెరైన్ కలిపితే అంతకన్నా మంచి నలుపు వస్తుంది. బంగారు రంగు డబ్బా ఉంటే గేటుకి వేసేయండి.

కోనసీమలో కొబ్బరి నూనెకి కొదవేముంది, అదే కలుపుదాం అనుకునేవాళ్లు ఉంటారు. అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది. కొబ్బరి నూనె, ఆముదం ఎన్నేళ్లున్నా గట్టిపడవు, బొమ్మ జిడ్డుగానే ఉంటుంది.

వెలుతురు ఒకే కిటికీ నుంచి రావాలి. ఉత్తరపు కిటికీలో ఎండే పడదని పుస్తకాల్లో రాస్తారు. అది చలిదేశాల మాట. మన గోదావరి డెల్టా 16, 17 డిగ్రీల అక్షాంశాల మధ్య ఉంది. మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు మనకి ఉత్తరం వైపే ఉంటాడు. ఆ నెలల్లో పొద్దునా సాయంత్రమూ ఉత్తరపు కిటికీలోకి ఎండ వస్తుంది, పల్చటి తెల్ల పంచె అడ్డం కట్టండి. మండువా అంచున మాత్రం పెట్టుకోవద్దు, పైనుంచి పడే వెలుగు గంటగంటకీ మారిపోతుంది. రోజూ తొమ్మిది నుంచి పదకొండు దాకా, అదే చోట.

గీయడం, మొదటి పూత గురించి పెద్దగా చెప్పేదేం లేదు. టర్పెంటైన్‌లో పల్చన చేసిన రా అంబర్‌తో ఆకారాలు, నీడలు పెట్టండి. చెంబు మూతి గుండ్రం రెండు చివర్లా కోసుగా రాకూడదు. అడుగు వంపు మూతి వంపు కన్నా లోతుగా ఉండాలి. అంబర్ త్వరగా ఆరుతుంది, రెండు రోజులు ఆగితే చాలు. ఆపైన జాడీ, విసనకర్ర, వెనక బట్ట పూర్తి చేసేయండి. చెంబు ఆఖరున. దానిలో కనబడేవి చుట్టుపక్కల రంగులే కాబట్టి అవి ముందు కుదరాలి.

ఇప్పుడు చెంబు. నిలబడే చోట నేల మీద సుద్దముక్కతో పాదాల గుర్తు గీసుకోండి. తల నాలుగు అంగుళాలు జరిగినా ఇత్తడిలో ప్రతిబింబాలన్నీ జరుగుతాయి. కుర్చీలో కూర్చుని ఓసారి, నిలబడి ఓసారి వేసిన చెంబు సొట్టలు పడ్డట్టు వచ్చేది ఇందుకే. ఫోన్‌లో ఫొటో తీసి వేద్దామనుకుంటే, మెరుపు తెల్ల మచ్చ అయిపోయి నీడలో రంగు పోతుంది.

కళ్లు సగం మూసి చూడండి. చెంబులో పసుపు ఎంత? పావు వంతు ఉంటే గొప్ప. మిగతాదంతా గోధుమ, ఆకుపచ్చ కలిసిన మడ్డి రంగు. అందుకని ముందు ముదురు: రా అంబర్, బర్న్ట్ సియన్నా, కొంచెం అల్ట్రామెరైన్. తర్వాత నడిమి రంగు: మూడు పాళ్లు ఎల్లో ఓకర్, ఒక పాలు రా అంబర్, అగ్గిపుల్ల తలంత అల్ట్రామెరైన్. పాలెట్ మీద ఇది చూసి పాడైపోయిందని భయపడతారు. పాడవలేదు, ఇత్తడి అదే. ఆ తర్వాతే ఓకర్‌లో లెమన్ ఎల్లో, చిటికెడు తెలుపు కలిపి వెలుగు భాగం.

ఈ మూడింటినీ ఒకదాంట్లో ఒకటి మెత్తగా కలిపేయకండి. నున్నగా కలిపితే మట్టికుండ అవుతుంది. లోహంలో ముదురు పక్కనే లేత రంగు, మధ్యలో కత్తితో కోసినట్టు అంచు ఉంటుంది. ప్రతి పూతకీ బ్రష్ గుడ్డకి తుడవండి. రంగులు కలిసి బురదైతే దాని మీదే ఇంకా పూయకుండా నైఫ్‌తో గీకేసి, వారం ఆగి మళ్లీ వేయండి. పక్కన ఎర్ర బట్ట ఉంటే చెంబు పొట్టలో కింద వైపు దాని ఎరుపు సన్నగా కనబడుతుంది. క్రిమ్సన్‌ని నడిమి రంగులో కలిపి అక్కడ ఒక్క గీత గీయండి.

చివరగా మెరుపు. పింగాణీ మీద కిటికీ వెలుగు ఉన్న రంగులోనే, తెల్లగా కాస్త నీలంగా కనబడుతుంది. ఇత్తడి మాత్రం తన రంగు అంటించి మరీ వెనక్కి పంపుతుంది. జాడీకీ చెంబుకీ ఒకే తెలుపు పెడితే చెంబు ప్లాస్టిక్‌లా కనబడేది అందుకే. తెలుపులో పిసరంత లెమన్ ఎల్లో కలిపి భుజం మీద ఒకటి, మూతి అంచున ఒకటి, అడుగు దగ్గర చిన్నది. రౌండ్ బ్రష్‌తో దళసరిగా తాకించి తీసేయండి, మళ్లీ ముట్టుకోవద్దు. నాలుగోది పెట్టాలనిపిస్తే బ్రష్ కడిగేయండి. కొట్టించిన పేరుకి మూడు నాలుగు ముదురు చుక్కలు, ఒక్కో చుక్క అంచున వెలుగు. అక్షరాలన్నీ చదివేట్టు ఉండనక్కర్లేదు.

అవిసె నూనె పై పూతల్లోనే, అదీ కొద్దిగా. కింద జిడ్డు, పైన పల్చన అయితే పై పూత ముందే ఆరి పగుళ్లిస్తుంది. నూనె గుడ్డలు ఉండచుట్టి మూల పడేయకండి, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. నీళ్లలో తడిపి పారేయండి. ఆరేటప్పుడు బొమ్మని బీరువాలో దాచొద్దు, చీకట్లో అవిసె నూనె పసుపెక్కుతుంది.

వార్నిష్ ఆరు నెలల తర్వాత. శీతాకాలంలో వేసిన బొమ్మకి ఆరు నెలలు ముసురు రోజుల్లో నిండుతాయి. తేమలో వార్నిష్ పూస్తే తెల్లగా మబ్బేస్తుంది, సంక్రాంతి దాకా ఆగండి.