మేకపాల చీజ్ గడ్డ గట్టిపడకపోతే: లోపం రెన్నెట్‌దా, మేక పుట్టుకదా?

లక్షణం: పాలను గడ్డకట్టించే ఎంజైమైన రెన్నెట్ వేసి ముప్పావుగంట దాటినా గడ్డ వదులుగానే ఉంటుంది. కత్తి దింపితే చీలిక శుభ్రంగా విడిపోకుండా అంచులు నలుగుతాయి, తేట పాలలా తెల్లగా కారుతుంది, చివరకు దిగే చీజ్ కూడా తగ్గుతుంది.

ముందు తేలిక కారణాలను పక్కన పెట్టాలి. ఈనిన తొలి రోజుల జున్నుపాలు, పొదుగువాపు ఉన్న మేక పాలు, అతిగా కాచిన పాలు చీజ్‌కు పనికిరావు. ఆనందపురం వైపు నుంచి మే నెలలో క్యానులో విశాఖ నగరానికి తెచ్చిన పాలు దారిలోనే పులుపెక్కితే గడ్డ తొందరగా కట్టినా పొడిపొడిగా విరుగుతుంది. పితకగానే చల్లబరచడం, 63 డిగ్రీల దగ్గర 30 నిమిషాలకు మించి కాచకపోవడం పాటిస్తున్నా లక్షణం పోకపోతే అప్పుడు మేకల వంశాన్ని చూడాలి.

కారణం: గడ్డకు బలమిచ్చే ప్రొటీన్లు కేసీన్లు. వాటి జన్యువులు మేకలో ఆరవ క్రోమోజోమ్‌పై గుంపుగా ఉంటాయి. వాటిలో ఆల్ఫా ఎస్1 కేసీన్ జన్యువు చాలా రకాలుగా కనిపిస్తుంది. A, B, C రకాల జన్యు ప్రతి ఒక్కొక్కటీ లీటరు పాలకు సుమారు 3.5 గ్రాముల ఆల్ఫా ఎస్1 కేసీన్ ఇస్తే, E రకం గ్రామున్నర లోపు, F రకం సుమారు అర గ్రాము ఇస్తాయి, O రకం ఏమీ ఇవ్వదు. ప్రతి మేకకూ తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున రెండు ప్రతులు వస్తాయి కనుక, రెండూ A రకమైన మేకకూ రెండూ F రకమైన మేకకూ మధ్య తేడా లీటరుకు దాదాపు 6 గ్రాములు. మన దేశీ జాతుల్లో బలమైన రకాలే ఎక్కువగా కనబడ్డాయి. సానెన్, ఆల్పైన్ వంటి విదేశీ జాతుల్లో E, F రకాలు తరచుగా ఉంటాయి కనుక ఆ సంకర మేకలున్న మందలో అనుమానం ముందు వాటిపైనే పెట్టుకోవడం మంచిది.

పరీక్ష: పాలన్నీ ఒకే గిన్నెలో కలిపితే ఈ తేడా ఎన్నటికీ కనిపించదు. ఒక్కో మేక పాలు వంద మిల్లీలీటర్ల చొప్పున విడి గ్లాసుల్లో పోసి, 32 డిగ్రీల నీళ్ల తొట్టెలో ఉంచి, అన్నిటికీ ఒకే కొలతలో రెన్నెట్ వేసి, ఒకే సమయానికి కత్తి దింపి చూడండి. నేను చూసినప్పుడు, ఒకే మేత తిన్న రెండు మేకల పాలలో ఒకదాని గడ్డ లేత కొబ్బరిలా తెగింది, పక్క గ్లాసులోది గంజిలా కత్తికి అంటుకుంది. మేక ఈని ఎన్నాళ్లయిందన్నదాన్ని బట్టి కూడా పాలు మారతాయి కాబట్టి కొన్ని వారాల తేడాతో మూడుసార్లు చేసి, ప్రతిసారీ వెనకబడే మేకనే గుర్తుపెట్టుకోండి. కచ్చితమైన జవాబు వెంట్రుక కుదుళ్ల డీఎన్‌ఏ పరీక్షే ఇస్తుంది; అది ఆ మేక జీవితంలో ఒక్కసారి చాలు.

తక్షణ పరిష్కారం: ఆహారానికి పనికొచ్చే కాల్షియం క్లోరైడ్‌ను లీటరు పాలకు 0.2 గ్రాముల చొప్పున నీళ్లలో కరిగించి రెన్నెట్‌కు ముందు కలపండి, గడ్డను ఆలస్యంగా, పెద్ద ముక్కలుగా కోయండి. బలమైన పాలను గట్టి చీజ్‌కు విడిగా ఉంచి, బలహీనమైన పాలను రాత్రంతా తోడుపెట్టి గుడ్డలో వడకట్టే మెత్తని చీజ్‌కు వాడడమే నా దృష్టిలో అన్నిటికన్నా తెలివైన పని. దానికి 20 నుంచి 22 డిగ్రీలు కావాలి కనుక విశాఖ ఉక్కలో ఏసీ గది తప్పదు.

మేకవాసన ఎక్కువైతే: ఆల్ఫా ఎస్1 కేసీన్ తక్కువైన పాలలో కొవ్వు తొందరగా విడిపోయి, కాప్రిక్, కాప్రిలిక్ వంటి ఆమ్లాలు బయటపడి ఘాటు పెరుగుతుంది. అలాంటి పాలను నిల్వ ఉంచకుండా, చిలికినట్టు కుదపకుండా ఆ పూటే వాడాలి.

శాశ్వత పరిష్కారం మేకపోతులో ఉంది. రెండు ప్రతులూ A రకమని పరీక్షలో తేలిన పోతును, రెండూ F రకమైన మేకకు కట్టించినా ప్రతి పిల్లకూ ఒక A ప్రతి తప్పక వస్తుంది. తల్లి పాలలో గ్రాము ఉన్న ఆల్ఫా ఎస్1 కేసీన్ ఆడపిల్ల పాలలో నాలుగు గ్రాముల దాకా చేరుతుంది. చూలు అయిదు నెలలు, ఆ పిల్ల ఎదిగి ఈనడానికి మరో ఏడాది పైన పడుతుంది. ఆలోపు ఆ పోతును దాని కూతుళ్లకే కట్టించకుండా, రెండో పోతును వేరే మంద నుంచి ఇదే పరీక్ష చేయించి తెచ్చుకోండి.