శ్రమలో మొరపెట్టడం ఎలా?

కష్టం వచ్చి వారం తిరక్కముందే చాలామంది విశ్వాసులు "దీని ద్వారా దేవుడు నాకేం నేర్పిస్తున్నాడు?" అని పాఠం వెదకడం మొదలుపెడతారు. అడగకూడని ప్రశ్నేం కాదు, కాకపోతే దాని వంతు తర్వాత వస్తుంది. 150 కీర్తనల్లో మూడో వంతు దాకా మొరలే, అంటే బాధను దేవునికే చెప్పుకునే ప్రార్థనలే. వాటిలో భక్తులు ముందుగా అడిగేది పాఠం కాదు. "ఎందుకు?", "ఎన్నాళ్లు?", "ఆలకించు", "త్వరపడి రా" అంటారు. పౌలు కూడా రోమా 5:3-4లో శ్రమ నుంచి ఒక్క గెంతులో నిరీక్షణ దగ్గరికి తీసుకెళ్లడు. శ్రమ ఓర్పును, ఓర్పు పరీక్షను, పరీక్ష నిరీక్షణను కలుగజేస్తాయంటాడు. నడుమనున్న ఈ మెట్ల మీద ఉన్నప్పుడు రోజూ చేయాల్సిన పని మొరపెట్టడం.

సణుగుడు వేరు, మొర వేరు. అరణ్యంలో ఇశ్రాయేలీయులు తమ గుడారాల్లో కూర్చుని సణిగారు (ద్వితీ. 1:27). దేవుడు కోపించాడు. దావీదు అన్న మాటలు కూడా తక్కువ ఘాటుగా ఏమీ ఉండవు, కానీ వాటిని దేవునికే ఎదురుగా చెప్పాడు. అవి లేఖనంలో చోటు సంపాదించుకున్నాయి. ఒకే రకం కష్టంలో ఒకరు మెత్తబడతారు, ఇంకొకరు చేదెక్కిపోతారు. ఫిర్యాదు ఎవరి దగ్గరికి వెళ్తోందో చూస్తే చాలావరకు కారణం దొరుకుతుంది.

మొదలుపెట్టే ముందు కష్టం ఏ రకమో తేల్చుకోండి. మీ తప్పు వల్లే వచ్చిందని అనుమానమైతే 32, 51 కీర్తనలు చదివి, ఆ తప్పును పేరు పెట్టి చెప్పగలరేమో చూసుకోండి. "ఫలానా వాళ్లకు ఫలానా అబద్ధం చెప్పాను" అని చెప్పగలిగితే ఒప్పుకోండి, సరిచేయండి. నిజాయితీగా వెదికినా అలాంటిది కనబడకపోతే తవ్వడం ఆపేయండి. యోబు స్నేహితులు ఏడు రోజులు మాట్లాడకుండా పక్కన కూర్చున్నంతవరకు బాగానే ఉన్నారు. లేని పాపాన్ని బయటికి లాగబోయాకే దారి తప్పారు. చివర్లో దేవుడు కోపపడింది వాళ్ల మీదే (యోబు 42:7). పుట్టు గుడ్డివాడి విషయంలో "ఎవరి పాపం?" అని శిష్యులు అడిగినప్పుడు, వాడిదీ కాదు, వాడిని కన్నవాళ్లదీ కాదని యేసు ప్రభువు చెప్పాడు (యోహాను 9:3).

ఒకవేళ ఎవరో కొడుతున్నా, బెదిరిస్తున్నా ముందు అక్కణ్నుంచి బయటపడండి, సహాయం తీసుకోండి. పౌలు దమస్కులో గంపలో కూర్చుని గోడ మీదుగా దిగి తప్పించుకున్నాడు. కొరడాలతో కొట్టబోతే తన రోమా పౌరసత్వం సంగతి ఎత్తాడు. తప్పించుకునే దారి ఉన్న హింసకు "నీ సిలువ" అని పేరు పెట్టి మోయమనే సలహా ఎవరిచ్చినా వినొద్దు.

ఇక కీర్తన ఎంచుకోవడం. దగ్గరివాళ్లు మోసం చేస్తే 55, జబ్బులో ఉంటే 6, నిద్ర పట్టకపోతే 77, చెడ్డవాళ్లు బాగుపడుతుంటే చూసి ఓర్చుకోలేకపోతుంటే 73, వయసు మీద పడి బలం తగ్గుతుంటే 71. దేన్ని తీసుకున్నా వారమంతా దాన్నే చదవండి. రోజుకో కొత్త కీర్తన చదివితే తెలిసిన విషయాలు పెరుగుతాయి గానీ మాటలు నోటికి రావు. రోజుకు 20 నిమిషాలు, ఒక నోటుబుక్కు చాలు. పైకి చదవండి. మనసులో చదివితే మూడో వచనానికే ఆలోచన అప్పుల లెక్కల్లోకి జారిపోతుంది.

ఏదీ తోచకపోతే 13తో మొదలుపెట్టండి. ఆరు వచనాలే. మొదటి రెండింటిలో "ఎంతవరకు" అన్న ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంది. ఆ ప్రశ్నలు ఎటు వెళ్తున్నాయో గమనించండి. మొదట దేవుని వైపు: నన్ను మరచిపోయావా, ముఖం తిప్పుకున్నావా? తర్వాత లోపలికి: మనసులో ఈ చింత ఎన్నాళ్లు? చివరికి శత్రువు వైపు: వాడిదే పైచేయిగా ఎంతకాలం? మీరూ ఈ మూడు వైపులకూ ఒక్కో ప్రశ్న రాయండి. "ప్రభువా, చాలా కష్టంగా ఉంది" అని రాస్తే అది మొర కాదు, దాని శీర్షిక. "రిపోర్టు వచ్చేదాకా ఫోన్ మోగిన ప్రతిసారీ ఇలా ఉలిక్కిపడుతూనే ఉండాలా?" అన్నది మొర. దీనికి ఎనిమిది, పది నిమిషాలు పడుతుంది. ఏడుపొస్తే రానివ్వండి.

3, 4 వచనాలు మనవి. దావీదు ఒక్కటే స్పష్టంగా అడిగి, ఎందుకో కూడా చెబుతాడు: నా కన్నులకు వెలుగివ్వు, లేకపోతే చచ్చిపోతాను, శత్రువు గెలిచానంటాడు. మీరూ ఈ రోజుకు ఒక్కటే అడగండి. "నా శోధనలన్నీ తీసెయ్యి" అంటే జవాబు వచ్చిందో లేదో మీకే తెలియదు. "ఈ రాత్రి నాలుగు గంటలైనా నిద్రపోనివ్వు, రేపు పిల్లల మీద అరవకూడదు" అని అడిగితే తెల్లారేసరికి తెలుస్తుంది. "ఇది తీసేస్తే నీకు అది చేస్తాను" అనే బేరం మాత్రం ఇక్కడికి తేవద్దు. కృపకు వెల కట్టలేం. పైగా అనుకున్నది జరగకపోతే దేవుడే మాట తప్పాడన్న కోపం లోపల మిగిలిపోతుంది.

5, 6 వచనాల్లో స్వరం మారుతుంది, పరిస్థితి మారినట్టు ఎక్కడా లేదు. దావీదు పట్టుకున్నది దేవుని కృపను, ఆయన అదివరకు చేసిన మేలును. గతంలో దేవుడు మీకు చేసిన ఒక్క మేలు రాయండి. ఒక్కటీ గుర్తుకు రాకపోతే 77వ కీర్తన చూడండి. అందులో 7, 8, 9 వచనాల నిండా ప్రశ్నలే: ప్రభువు ఎల్లకాలం విడనాడతాడా, కటాక్షించడం మరచిపోయాడా? ఆ తర్వాత ఈ కీర్తన రాసిన ఆసాపు తన సొంత అనుభవం ఏదీ ఎత్తడు. ఎన్నో తరాల వెనక ఎర్రసముద్రం దగ్గర జరిగినదాన్ని తలచుకుంటాడు. మీరూ అలాగే యేసు ప్రభువు తిరిగి లేచిన ఖాళీ సమాధి దగ్గర నిలబడొచ్చు.

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. 13వ కీర్తనలో మొదటి నాలుగు వచనాలూ దాటేసి స్తుతి దగ్గరికి పరుగెత్తుతారు. చెప్పని బాధ ఎక్కడికీ పోదు. చికాకుగా, నిద్రలేమిగా, వాక్యమంటే విసుగుగా బయటికొస్తుంది. ఐదో వచనం గొంతులో అడ్డుపడిన రోజు నాలుగో వచనం దగ్గరే ఆపి "ఆమేన్" అనండి. 88వ కీర్తన అలాగే ముగుస్తుంది, చీకట్లోనే. చివర వెలుగు లేదని దాన్ని బైబిల్లోంచి ఎవరూ తీసేయలేదు. యేసు ప్రభువు సిలువ మీద పలికింది కూడా 22వ కీర్తన మొదటి వచనమే.

శరీరాన్ని పక్కన పెట్టి ఆత్మను మాత్రమే బాగుచేసుకోవాలనుకోవడం ఇంకో పొరపాటు. చచ్చిపోతే బాగుండునని ఏలీయా ప్రవక్త బదరీచెట్టు కింద పడుకున్నప్పుడు దూత ప్రసంగం చేయలేదు. తట్టి లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు. మళ్లీ పడుకోనిచ్చి, మళ్లీ లేపి తినమన్నాడు (1 రాజులు 19). తిండి, నిద్ర లేక నీరసించి ఉన్నప్పుడు ఉపవాసం మొదలుపెట్టొద్దు. దిగులు రెండు వారాలు దాటినా వదలకపోయినా, రోజువారీ పనులు చేసుకోలేకపోతున్నా డాక్టర్‌ను కలవండి. చావాలన్న ఆలోచన వస్తే ఆ రోజే ఎవరికైనా చెప్పండి, ఒంటరిగా ఉండొద్దు. వైద్యం తీసుకుంటే విశ్వాసం తగ్గినట్టు కాదు. పౌలు వెంట ఉన్న లూకా వైద్యుడే.

గెత్సేమనేలో యేసు ప్రభువు శిష్యులందరినీ దగ్గరికి తీసుకెళ్లలేదు, ముగ్గురినే తీసుకెళ్లాడు. మీకు ఇద్దరు ముగ్గురు చాలు. రహస్యం దాచగలవాళ్లు, వెంటనే వచనం అప్పజెప్పనివాళ్లు అయితే మంచిది. "ప్రార్థన చేయండి" అని ఊరుకోకుండా "వారానికోసారి ఫోన్ చేసి ఎలా ఉన్నావని అడగండి, సలహా వద్దు" అని తేల్చి చెప్పండి. వాళ్లూ ఒకోసారి మరచిపోతారు. ఆ ముగ్గురూ నిద్రపోయారు కదా. ఆయన వాళ్లను వదిలేయలేదు, వచ్చి లేపాడు.

ఎదుగుదల రోజూ కొలిస్తే కనబడదు. మూడు నెలలకోసారి నోటుబుక్కు మొదటినుంచి చదవండి. పాఠం వెదకాల్సింది ఇప్పుడు. రోమా 8:28ని ఒంటరిగా పట్టుకుంటే "మేలు" అంటే పోయిన ఉద్యోగం తిరిగి రావడం అనిపిస్తుంది. 29వ వచనం కలిపి చదివితే ఆ మేలు దేవుని కుమారుని పోలికకు రావడమని తెలుస్తుంది. కాబట్టి ఇవి చూసుకోండి: మాట కాస్త మెత్తబడిందా? అదే కష్టంలో ఉన్నవాళ్ల పక్కన ఊరికే కూర్చోగలుగుతున్నారా? మనవులు ఏమైనా మారాయా? మొదటి పేజీల్లో "తీసెయ్యి" అనే ఉంటుంది. తర్వాత పేజీల్లో "తోడుండు" కూడా చేరుతుంది. సంఘంలో సాక్ష్యం చెప్పమంటే, గాయం పచ్చిగా ఉన్నంతకాలం మర్యాదగా "తర్వాత చెబుతాను" అనండి. తొందరపడి ఇచ్చిన సాక్ష్యానికి తగ్గట్టు నటించాల్సి వస్తుంది.

కష్టం తీరిపోతే 30 గానీ 116 గానీ తీసుకుని అదే నోటుబుక్కులో కృతజ్ఞత రాయండి. తీరకపోతే? పౌలు తన శరీరంలో ముల్లు అని చెప్పుకున్న బాధ గురించి మూడుసార్లు వేడుకున్నాడు. "నా కృప నీకు చాలును" అన్న జవాబు వచ్చాక బలహీనతలోనే అతిశయపడతానన్నాడు (2 కొరింథీ 12:8-9). అలాంటి జవాబు మీకింకా రాకపోతే మూడు దగ్గర ఆగనక్కర్లేదు. విసుగక ప్రార్థించమని చెప్పడానికే ప్రభువు న్యాయాధిపతి దగ్గరికి మళ్లీ మళ్లీ వెళ్లిన విధవరాలి ఉపమానం చెప్పాడు (లూకా 18:1), ఆమె ఎన్నిసార్లు వెళ్లిందో మాత్రం లెక్క చెప్పలేదు.