రోడ్డు సైకిలు పాఠాలు - 4: వెడల్పు టైరా, సన్న టైరా?

పోయిన పాఠంలో రిమ్ము కొలతలు నేర్చుకున్నాం. ఇప్పుడు దాని మీదికి ఎంత వెడల్పు టైరు ఎక్కించాలో చూద్దాం.

సన్న టైరే వేగంగా పోతుందని చాలామంది నమ్మకం. నిజానికి రెంటిలోనూ ఒకే గాలి ఒత్తిడి ఉంటే వెడల్పు టైరే తేలిగ్గా దొర్లుతుంది. సన్న టైరు నేలకు పొడుగ్గా ఆనుతుంది, అందుకే ఎక్కువ అణుగుతుంది. ఆ అణిగి లేవడంలోనే మన కాలి శక్తి పోతుంది. బరువులోనూ, ఎదురుగాలిని కోసుకుపోవడంలోనూ మాత్రం సన్నదానిదే పైచేయి.

తిరుపతి నుంచి శ్రీకాళహస్తి వైపు నున్నటి హైవేకి 25 మి.మీ. చాలు. చంద్రగిరి దాటి భాకరాపేట ఘాటెక్కి, తలకోన వైపు పల్లె రోడ్లు పట్టేవాళ్ళు 28 కంటే కిందికి దిగొద్దు. ఫ్రేములో చోటుంటే 32 ఇంకా మేలు.

ఆ చోటు కొలిచాకే డబ్బు తీయండి. టైరు మీద 28-622 అని ఉంటే మొదటిది వెడల్పు, రెండోది టైరు కూర్చునే రిమ్ము వ్యాసం. రాసిన వెడల్పే ఖాయం కాదు: లోపలి వెడల్పు 21 మి.మీ. ఉన్న రిమ్ము మీద 28 టైరు 30 దాకా ఉబ్బొచ్చు. కొత్త టైరు ఎక్కించాక చుట్టూ 4 మి.మీ. ఖాళీ మిగలాలి, లేకపోతే ఇరుక్కున్న గులకరాయి ఫ్రేమును గీకేస్తుంది. 25 నుంచి 28కి మారితే ఒక్కో పక్క 1.5, పైన దాదాపు 3 మి.మీ. తగ్గుతుంది. కాబట్టి ఇప్పుడున్న టైరుకు నిండా గాలి కొట్టి, ఫోర్కు, చెయిన్‌స్టేల (వెనక చక్రానికి రెండు పక్కలా ఉండే ఫ్రేము గొట్టాల) పక్కన 6 మి.మీ. అలెన్ కీ (ఆరు పలకల తాళం), ఫోర్కు పైభాగం కింద, బ్రేకు కింద 8 మి.మీ. కీ దూర్చండి. చక్రం తిప్పినా ఎక్కడా తగలకపోతే 28 పడుతుంది. పాత సైకిళ్ళలో అడ్డొచ్చేది ఎక్కువగా బ్రేకే. ట్యూబు కూడా 28కి సరిపోయేదే కొనండి. చిన్నది సాగి పలచబడుతుంది.

70 కిలోల మనిషికి, ట్యూబుతో, మొదట ఇలా కొట్టండి: 25కి వెనక 90 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత), ముందు 85, 28కి 75, 70, 32కి 58, 54. హుక్‌లెస్ రిమ్ములైతే (టైరు అంచును పట్టే కొక్కెం లేనివి) 72.5 దాటకూడదు, టైరు కూడా వాటికి పనికొచ్చేదై ఉండాలి. మన ఎండల్ని మరవొద్దు: పొద్దున 28 డిగ్రీల్లో 75 కొట్టిన టైరు 50 డిగ్రీలకు వేడెక్కితే లోపల 81 దాటుతుంది.

పంచరైతే ట్యూబు చూడండి. పక్కపక్కనే రెండు చీలికలుంటే గాలి చాలక గుంతలో రిమ్ము నొక్కేసిందన్నమాట. 5 పీఎస్ఐ పెంచండి. ఒకటే చిన్న బెజ్జమైతే తుమ్మముల్లో గాజుపెంకో. దానికి వెడల్పుతో పనిలేదు, టైరు లోపల వేలితో తడిమి ముల్లు తీశాకే కొత్త ట్యూబు వేయండి.

వచ్చే పాఠానికల్లా మీరు రోజూ తొక్కే దారిలో 3 పీఎస్ఐ చొప్పున తగ్గిస్తూ పోండి. మలుపులో టైరు పక్కకు ఒరుగుతున్నట్టు అనిపించినా, గుంతలో రిమ్ము తగిలినా అక్కడ ఆపి, 5 పెంచి, ముందు వెనకల అంకెలు రాసుకోండి.